పద్మాక్షి గుట్ట మీది జినుడు: జైనం లోకానికి ఎందుకు తెలియలేదు?



సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. గుట్ట కింద గుండంలో బతుకమ్మలు తేలుతుంటాయి. మెట్లెక్కి పైకి వెళ్ళినవారు అమ్మవారిని చూసుకుని దిగి వస్తారు. ఆ రాతి గుడిలో అమ్మవారితో పాటు బండలోనే మలిచిన ఒక దిగంబర మూర్తి కూడా ఉంది. నిటారుగా నిలబడి, చేతులు రెండూ కిందికి వదిలి, తలపై పాము పడగతో ఉంటుంది. ఆయన పార్శ్వనాథుడు, జైనుల ఇరవై నలుగురు తీర్థంకరులలో ఇరవై మూడవవాడు. ఈ సంగతి తెలిసి చూసేవారు వందకు ఒకరైనా ఉంటారో లేదో!

ఒకసారి ఈ గుట్ట చూసి వచ్చిన ఒక కళాశాల విద్యార్థి నన్ను ఇలా అడిగాడు: "సార్, బుద్ధుడూ మహావీరుడూ ఒకే కాలంవారు. ఇద్దరూ ఆ బీహారు ప్రాంతంలోనే తిరిగారు. బౌద్ధం జపాను దాకా పోయింది. జైనం మన దేశం దాటలేదేం?"

దీనికి రెండు జవాబులు వాడుకలో ఉన్నాయి. జైనులు ఎవరినీ తమ మతంలో కలుపుకోరని ఒకటి. వారి నియమాలు మరీ కఠినమైనవి కాబట్టి ఎవరూ చేరరని రెండవది. ఈ రెండూ సగం నిజాలే. ఆ సంగతి రుజువు చేయడానికి మనం దూరం పోనక్కరలేదు. హన్మకొండలోనే రాతి మీద రుజువు ఉంది.

పద్మాక్షి గుట్ట మీద నల్లరాతి నాలుగు పలకల స్తంభం ఒకటి ఉంది. దాని మీది కన్నడ శాసనం 1117వ సంవత్సరం నాటిది. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రి బేతన, ఆయన భార్య మైలమ. ఆ మైలమ ఇక్కడ కడలాలయ బసది కట్టించి, దాని పోషణకు భూమి ఇచ్చిందని శాసనం చెబుతుంది. ఉగ్రవాడి ప్రభువు మేళరసు కూడా దానం చేశాడు. బసది అంటే జైనుల గుడి. ఇక్కడ గమనించవలసినది ఏమంటే, మైలమ గుజరాతు నుండి వచ్చిన వర్తకుని భార్య కాదు, ఈ గడ్డ మీది మంత్రిగారి ఇల్లాలు. ఆమె ఇంటివారు జైనులయ్యారంటే అంతకు ముందెప్పుడో జైన మునులు ఇక్కడికి వచ్చి బోధించారన్నమాట. జైనం ఎవరినీ కలుపుకోలేదన్న మాట ఈ స్తంభం ముందు నిలవదు.

మైలమకు నూట డెబ్బయి ఏండ్ల ముందే కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద జినవల్లభుడు శాసనం చెక్కించాడు. ఈయన కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. వేములవాడ చాళుక్యుల కాలం అది. జిన బింబాల కింద, చక్రేశ్వరి బొమ్మ కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలో రాయించాడు. అందులో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. మనకు దొరికిన కంద పద్యాలలో అవే మొదటివని పండితుల నిర్ణయం. నన్నయగారి భారతం ఇంకా పుట్టని రోజులవి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు చూపిన ఆధారాలలో ఈ గుట్ట శాసనం కూడా ఉంది. మన భాషకు ఇంత చేసిన మతం ఆ ఊరి పిల్లలకే తెలియదు.

హన్మకొండలోనే అగ్గలయ్య గుట్ట ఉంది. దాని బండ మీద నిలువెత్తుకు మించిన తీర్థంకరుల రూపాలున్నాయి. అగ్గలయ్య అనే జైన వైద్యుని పేరు మీద ఆ గుట్టకు పేరు వచ్చిందంటారు. 1034 నాటి సైదాపురం శాసనం ఆయనను వైద్యరత్నాకరుడని పొగిడింది. జైన గృహస్థులకు నాలుగు దానాలు ముఖ్యం: ఆహారం, ఔషధం, శాస్త్రం, అభయం. అన్నం పెట్టి, మందిచ్చి, చదువు చెప్పి ప్రజలకు దగ్గరైన మతమిది. (జనగామ అసలు జైనగాం అని కూడా కొందరంటారు. పేర్ల పోలిక పట్టుకుని చరిత్ర చెప్పడం నాకు అంతగా నచ్చదు. రాతి మీద ఉన్నదే మనకు చాలు.)

అయితే ఇంత వేళ్ళూనిన మతం ఎందుకు ఆగిపోయింది? నా జవాబు ఒక్కటే. జైనం ముని కాళ్ళు పోయినంత దూరమే పోతుంది, గృహస్థుని వంటిల్లు ఉన్నన్నాళ్ళే ఉంటుంది. ఈ మాటను కొంచెం విడమరచి చెప్పాలి.

ముని ఎలా బ్రతుకుతాడు?

జైన ముని అయిదు మహావ్రతాలు పూనుతాడు: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. అస్తేయమంటే ఇవ్వనిది తీసుకోకపోవడం. అపరిగ్రహమంటే ఏదీ తనదిగా ఉంచుకోకపోవడం. ఈ అయిదింటిలో అహింసను వారు పట్టినంత గట్టిగా లోకంలో మరెవరూ పట్టలేదు. మట్టిలో, నీటిలో, నిప్పులో, గాలిలో, చెట్టులో కూడా జీవముందని వారి సిద్ధాంతం. కనుక ముని చూసి అడుగు వేయాలి. బండి ఎక్కరాదు, ఎందుకంటే చక్రం కింద ఏ పురుగు నలిగినా ఆ హింస ఎక్కినవానిది కూడా. రైలూ లేదు, ఓడా లేదు, విమానమూ లేదు. ఎంత దూరమైనా నడకే. ఆ నడకనే విహారమంటారు. వానాకాలంలో నేల నిండా పురుగూ పుట్రా ఉంటాయి కనుక నాలుగు నెలలు ఒకే చోట ఆగిపోవాలి. అదే చాతుర్మాస్యం.

ఇక తిండి సంగతి చూడండి. ముని వండుకోరాదు, వండించుకోరాదు. దిగంబర ముని రోజుకు ఒక్కసారి, గృహస్థుని ఇంట నిలబడి, దోసిట్లో పెట్టింది తింటాడు. పాత్ర కూడా ఉండదు. చేతిలో నెమలి పింఛాల కుంచె, నీళ్ళకు కమండలం, అంతే ఆస్తి. శ్వేతాంబర మునులకు తెల్ల బట్టలు, భిక్షాపాత్రలు ఉంటాయి. ఇంటింటా కొంచెం కొంచెం తీసుకుంటారు. ఎవరైనా సరే, పొద్దు గుంకాక ముద్ద ముట్టరు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ వంటి నేలలో ఊరేవి పనికిరావు. నీళ్ళు కాచి చల్లార్చినవే కావాలి.

ఇప్పుడు ఆలోచించండి. ఇలాంటి ముని జైన ఇల్లు ఒక్కటి కూడా లేని కొత్త దేశానికి ఎలా పోతాడు? ఆయనకు నీళ్ళు కాచి ఇచ్చేదెవరు? ఏ కూర పెట్టవచ్చో, ఏది పెట్టరాదో ఆ ఇల్లాలికి నేర్పేదెవరు? ముని రాకపోతే గృహస్థులు పుట్టరు. గృహస్థులు లేకపోతే ముని రాలేడు. దారిలో ఒక రోజు నడక దూరానికి ఒక ఇల్లు చొప్పున ఉంటేనే ముని ముందుకు సాగగలడు. అందుకే ఈ మతం గంగాతీరం నుండి ఉజ్జయిని మీదుగా గుజరాతుకు, కర్ణాటకకు, తమిళ నేలకు మెల్లమెల్లగా నడిచి వచ్చింది. నేల ఉన్నంత వరకు వచ్చింది. సముద్రం దగ్గర ఆగింది.

గృహస్థుల వ్రతాలలో కూడా దిగ్వ్రతమనేది ఒకటుంది. తూర్పుకు ఇంత దూరం, పడమటికి ఇంత దూరం, ఆపైన పోను అని ముందే ఒట్టు పెట్టుకోవడం. ఎంత తిరిగితే అంత హింస గనుక తిరుగుడునే తగ్గించుకోవాలన్నమాట. దూరదేశాలకు పోవడం ఘనకార్యమని మిగతా మతాలు చెబితే, పోకుండా ఉండడం పుణ్యమని చెప్పిన మతమిది.

పందొమ్మిదవ శతాబ్దంలో మిలాను నుండి నైజాం రాజ్యానికి వచ్చిన మన మిషనరీ గురువులను తలచుకుంటే ఈ తేడా బాగా అర్థమవుతుంది. వారు ఓడలో వచ్చారు, ఏ ఇంట ఏది పెడితే అది తిన్నారు, భాష నేర్చుకున్నారు. అందులో ఏదీ వారి వ్రతానికి అడ్డు రాలేదు. జైన మునికి మొదటి మెట్టులోనే వ్రతభంగం.

బౌద్ధ భిక్షువులకు కూడా ఈ ఇబ్బంది లేదు. వారికి వానాకాలపు నిలకడ ఉన్నా ఓడ ఎక్కడం నిషేధం కాదు. భిక్షాపాత్రలో ఏది పడితే అది తినవచ్చు. బుద్ధుడు మధ్యమ మార్గమన్నాడు గదా, ఆ మార్గం సముద్రం మీద కూడా నడిచింది. అశోక చక్రవర్తి ధర్మప్రచారానికి మనుషులను దూరదేశాలకు పంపాడు. మన నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. చిత్రమేమిటంటే, ఇలా తేలికగా బయటికి పోయిన బౌద్ధం పుట్టిన నేల మీద దాదాపు మాయమైంది. కదలలేని జైనం మాత్రం పుట్టిన దేశంలో నేటికీ తెగకుండా నిలిచింది.

జైనం ఎన్నడూ సముద్రం దాటలేదా అంటే, ఒకసారి దాటింది. సింహళ చరిత్ర మహావంశం ప్రకారం పాండుకాభయ రాజు అనురాధపురంలో నిగంఠులకు, అంటే జైన సన్యాసులకు, నివాసాలు కట్టించాడు. అది క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దపు మాట. కొన్ని వందల ఏండ్ల తర్వాత వట్టగామణి అనే రాజు వారి ఆశ్రమం తీసివేసి, ఆ చోటనే అభయగిరి బౌద్ధ విహారం కట్టించాడు. భారతదేశం నుండి కొత్త మునులు నడిచి వచ్చే దారి లేదు. ఆ తీగ అక్కడే ఎండిపోయింది.

ఓరుగల్లులో జరిగినదేమిటి?

సింహళంలో జరిగినదే మన దగ్గర సముద్రం అవసరం లేకుండా జరిగింది. తొలి కాకతీయులు జైనాన్ని ఆదరించినవారే. రెండవ బేతరాజు కాలం నుండి కాలాముఖ శైవ గురువుల ప్రభావం పెరిగింది. తర్వాత వీరశైవం ఉప్పెనలా వచ్చింది. జైనులను ఓడించిన కథలను, వారి బసదులను పడగొట్టిన కథలను పాల్కురికి సోమనాథుడు ఉత్సాహంగానే చెప్పాడు. ఆ కథలలో కవి ఆవేశమెంతో, జరిగినదెంతో విడదీయడం కష్టం. కొంత హింస జరిగిందనడంలో నాకు సందేహం లేదు. కాని హింస ఒక్కటే ఒక మతాన్ని తుడిచివేయలేదు. కర్ణాటకలోనూ ఇదే వీరశైవం పుట్టి పెరిగింది. అయినా అక్కడ శ్రవణబెళగొళ ఉంది, మూడబిదిరె ఉంది. తమిళనాడులో తిండివనం ప్రాంతంలో తమిళమే మాతృభాషగా గల జైన రైతు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. (జైనులు సేద్యం చేయరన్న మాట కూడా దీనితో పోయింది.)

మన ప్రాంతంలో మాత్రం అలాంటి తెలుగు జైన పల్లెలు మిగలలేదు. ఇక్కడ బసదులకు ఆధారం రాజులు, మంత్రులు, దండనాయకులు. ఆ పెద్ద ఇండ్లు శైవం పుచ్చుకోగానే దానాలు శివాలయాలకు మళ్ళాయి. మునికి అన్నం పెట్టే ఇండ్లు ఒకటొకటిగా తగ్గాయి. దారిలో ఇల్లు లేనప్పుడు ముని ఇటు రావడం మానేస్తాడు. ముని రాని ఊళ్ళో రెండు తరాలు గడిస్తే, బండ మీది మూర్తి ఎవరో చెప్పేవారే ఉండరు.

అయినా చివరి దీపం మనం అనుకున్నదాని కంటే ఆలస్యంగా ఆరింది. అప్పయార్యుడనే జైన పండితుడు జినేంద్ర కల్యాణాభ్యుదయమనే సంస్కృత గ్రంథాన్ని 1319లో పూర్తి చేశాడు. ఎక్కడంటే ఏకశిలానగరంలో, అంటే మన వరంగల్‌లో, ప్రతాపరుద్రుని పాలనలో. జినుని పూజావిధానాల పుస్తకమది. పూజ చేసేవారే లేకపోతే ఆ పుస్తకం ఎవరి కోసం రాసినట్టు? మరి నాలుగేండ్లకు, 1323లో, కోట ఢిల్లీ సేనల చేతిలో పడింది.

ఆ తర్వాత మిగిలినవి గుట్టలు. పార్శ్వనాథుని పక్కనుండే జైన దేవత పద్మావతియే మన పద్మాక్షమ్మ అయిందని చరిత్రకారులలో చాలామంది అభిప్రాయం. పాతకాలపు వీధిబడిలో పిల్లలకు "ఓం నమః శివాయ, సిద్ధం నమః" అని అక్షరాభ్యాసం చేయించేవారు. ఆ రెండవ మాట, సిద్ధులకు నమస్కారమనేది, జైనుల నుండి వచ్చిందని కొందరు పండితులంటారు. అదే నిజమైతే, జైనమంటే ఏమిటో తెలియని మన తాతలంతా జైనుల మంత్రంతోనే పలక పట్టారన్నమాట!

పుస్తకాలు కూడా తాళం లోపలే

మతం బయటికి పోకపోయినా పుస్తకం పోవచ్చు గదా అని మీరడగవచ్చు. జైనులంత శ్రద్ధగా పుస్తకాలు దాచినవారు మన దేశంలో లేరు. అయితే దాచడం వేరు, చదివించడం వేరు. దిగంబరులకు అతి పవిత్రమైన షట్ఖండాగమం, దాని ధవళా వ్యాఖ్య తాటాకు ప్రతులు మూడబిదిరెలో భద్రంగా ఉండేవి. భక్తులు వచ్చి దూరం నుండి దర్శనం చేసుకుని పోయేవారు. అది అచ్చు కావడం 1939లో మొదలైంది. తెలుగులోనైతే దాచుకున్నది కూడా దక్కలేదు. మల్లియ రేచన పేరుతో ఉన్న కవిజనాశ్రయమనే ఛందోగ్రంథం తప్ప జైన కావ్యమంటూ చెప్పుకోదగినది మనకు మిగలలేదు.

ఐరోపా పండితులు చాలా కాలం జైనాన్ని బౌద్ధంలో ఒక శాఖ అనుకున్నారు. అది వేరు మతమని, బౌద్ధం నుండి పుట్టినది కాదని జర్మను పండితుడు హెర్మన్ యాకోబి 1879లో ఆధారాలతో చూపాడు. అంటే బయటి లోకానికి ఈ మతం వేరుగా ఉందని తెలిసి ఇంకా నూట యాభై ఏండ్లు కూడా కాలేదు.

1893లో షికాగో సర్వమత మహాసభకు వివేకానందస్వామి వెళ్ళిన సంగతి అందరికీ తెలుసు. అదే సభకు జైనాచార్యులు ఆత్మారాంజీ మహరాజ్‌కు కూడా ఆహ్వానం వచ్చింది. ఓడ ఎక్కడం వ్రతభంగం గనుక ఆయన వెళ్ళలేదు. తన బదులు వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీ అనే ఇరవై తొమ్మిదేండ్ల గృహస్థునికి శాస్త్రం చెప్పి పంపారు. ఆ యువకుడు అమెరికాలో, ఇంగ్లండులో ఎన్నో ఉపన్యాసాలిచ్చి పేరు తెచ్చుకున్నాడు. తిరిగి వస్తే, సముద్రం దాటినందుకు ప్రాయశ్చిత్తం చేసుకోవాలని సొంతవారిలోనే కొందరు పట్టుబట్టారు. 1901లో ముప్పయి ఏడేండ్లయినా నిండకుండానే చనిపోయాడు. లోకానికి తమ మతం చెప్పి వచ్చినవానికి ఇంట్లో దొరికిన స్వాగతమది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మరో గాంధీగారి వల్ల జైనం వేరొక దారిన, పేరు లేకుండా, లోకమంతా తిరిగింది. 1888లో మోహన్‌దాస్ గాంధీ లండనుకు పోతానంటే తల్లి ఒప్పుకోలేదు. మద్యం, మగువ, మాంసం ముట్టనని ఆయన చేత ఒట్టు వేయించి ఆమెను ఒప్పించినవాడు బేచర్‌జీ స్వామి అనే జైన సాధువు. తర్వాత బొంబాయిలో పరిచయమైన జైన తత్త్వవేత్త రాయ్‌చంద్‌భాయి తన మీద ఎంత ముద్ర వేశాడో గాంధీజీ ఆత్మకథలో స్వయంగా రాశారు. మార్టిన్ లూథర్ కింగ్ దాకా పోయిన అహింస అనే మాటకు వెనుక ఈ సాధువుల నీడ కూడా ఉంది. మాట పోయింది, పేరు పోలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో గృహస్థులు మునులను వెనుక వదిలి ముందుకు పోయారు. గుజరాతు వర్తకులు మొంబాసాకు, నైరోబికి, అక్కడి నుండి ఇంగ్లండుకు వెళ్ళారు. లెస్టర్ పట్టణంలో 1988లో గుడి ప్రతిష్ఠించారు. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో వజ్రాల వ్యాపారులు గుడి కట్టుకున్నారు. గుడి కట్టవచ్చు, మునిని ఎలా తెచ్చుకోవడం? చిత్రభానుగారు 1970లో విదేశానికి వెళ్ళి, తర్వాత ముని దీక్షనే విడిచిపెట్టారు. 1975లో సుశీల్ కుమార్‌జీ విమానమెక్కి అమెరికా వెళ్ళినప్పుడు పెద్ద దుమారం లేచింది. తేరాపంథ్ ఆచార్య తులసీ మధ్యేమార్గం ఆలోచించి 1980లో సమణ శ్రేణి ఏర్పరచారు. దీక్షలో ఉంటూనే వాహనమెక్కడానికి వీలున్న వర్గమది. రెండున్నర వేల ఏండ్ల తర్వాత తలుపు ఇంత మాత్రం తెరిచారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో జైనులు సుమారు 44 లక్షల 50 వేలు, వెయ్యికి నలుగురు కూడా కారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాలను గురించి వెలువరించిన ప్రకటనలో హైందవం, బౌద్ధం, ఇస్లాం, యూదు మతాల పేర్లున్నాయి. జైనం పేరు లేదు. ఇది చిన్నచూపు కాదు, అప్పటికి బయటి లోకానికి ఆ పేరు అంతగా తెలియదు. మహావీర జయంతికి జైన సోదరులకు వాటికన్ నుండి శుభాకాంక్షల సందేశం రావడం ఇటీవలి సంవత్సరాల ఆనవాయితీ.

వీలున్నవారు కొలనుపాక వెళ్ళి రండి. కాజీపేటలో రైలెక్కితే ఆలేరులో దిగవచ్చు, అక్కడి నుండి ఆరేడు కిలోమీటర్లు. ఒకే ఊళ్ళో వీరశైవుల రేణుకాచార్యుని పేరుతో ప్రసిద్ధమైన సోమేశ్వరాలయమూ, జైనుల గుడీ రెండూ ఉన్నాయి. జైన గుడిలో మాణిక్యస్వామిగా పేరుపొందిన ఆదినాథుడు, పచ్చరాతి మహావీరుడు ఉన్నారు. గుడి నడిపేవారూ, వచ్చే యాత్రికులూ ఎక్కువగా గుజరాతీ, మార్వాడీ శ్వేతాంబరులు. మైలమ నాటి దిగంబరుల వారసులు కారు. అక్కడ ఎప్పుడైనా తెల్లబట్టల సాధ్వులు నలుగురైదుగురు రోడ్డు వారగా చెప్పులు లేకుండా నడిచి వస్తూ కనిపిస్తే, వెనకాల నీళ్ళ క్యాన్లతో, సామానుతో సైకిలు మీదో బండి మీదో వచ్చే మనిషిని కూడా చూడండి. భోజనశాలలో తినదలచినవారు పొద్దు గుంకకముందే కూర్చోవాలి. ఆ తర్వాత వడ్డించరు.